హైదరాబాదు నగరమున విద్యుద్దీపము

గృహస్థుడు బియ్యము కొనునప్పుడు గింజ నోట వేసికొని చూచును. గృహిణి నేయి కొనునప్పుడు వాసన చూచును. పాలలో నీళ్లు కలిసినవేమో యని చెంబు వంచి చూచును. కాని యింటిలో రాత్రింబవళ్లు వాడుకొను విద్యుచ్ఛక్తి యే యూరినుండి వచ్చుచున్నది, దేనిని కాల్చుటవలన పుట్టుచున్నది, దాని నీ విధముగనే పుట్టింపవలెనని నిర్ణయించిన వారెవరు అని యడుగువారు మిక్కిలి యరుదు. మీట నొక్కిన వెలుగు వచ్చును; నెల తిరిగిన బిల్లు వచ్చును; ఈ రెంటి నడుమనున్న కథ మనకు కనబడదు. ఆ కథను హైదరాబాదు నగరమునకు సంబంధించినంతవరకు ఈ వ్యాసమున చెప్పదలచితిమి. ఒక నగరము తన వెలుగునకు మార్గము వెదకుకొనునప్పుడు వెలను మాత్రమే తూచిన చాలదనియు, పొగ యెవరి కంటబడునో, ఎవరి మాట చెల్లునో కూడ తూచవలెననియు ఈ చరిత్రవలన తెలియగలదని మా తలంపు.

1908 సెప్టెంబరు 28 వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచెత్తెను. వేలకొలది ప్రజలు మరణించిరి. ఇండ్లు లెక్కకు మిక్కిలిగా కూలెను. ఆ విపత్తు తరువాత నగరమును క్రొత్తగా తీర్చిదిద్దుకొనవలసిన యక్కర పాలకులకు కలిగెను. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి వరదను నిలువరించుటకును, త్రాగునీటికిని జలాశయములు తలపెట్టబడెను. వానిలో ఉస్మాన్‌సాగరము 1920 నాటికిని, హిమాయత్‌సాగరము 1927 నాటికిని పూర్తియయ్యెను. 1912 లో నగరాభివృద్ధి సంఘమేర్పడి వీధులను వెడల్పుచేయుటకు పూనుకొనెను. వీధి వెడల్పైనంతమాత్రమున చాలదు గదా. దానికి దీపము కావలెను. నీటిని పైకెత్తుటకు బలము కావలెను. యంత్రశాలలు వెలయవలెనన్న వానికి శక్తి కావలెను. ఇట్లు విద్యుచ్ఛక్తి ప్రశ్న నగరము ముందు నిలిచినది.

ఆనాడు కానవచ్చిన మార్గములు ముఖ్యముగా రెండు: పడు నీటినుండి శక్తిని పుట్టించుట యొకటి, బొగ్గు కాల్చి పుట్టించుట రెండవది. మొదటిదానికి పొరుగున మైసూరు సంస్థానమే యుదాహరణముగా నుండెను. కావేరీనదిపై శివనసముద్రమువద్ద 1902 లోనే జలవిద్యుత్కేంద్రము నెలకొల్పి, యా శక్తిని సుమారు 92 మైళ్ల దూరమందున్న కోలారు బంగారుగనులకు తీగలపై పంపిరి. 1905 లో బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగెను. గనుల కంపెనీలు నమ్మకముగా కొనువా రగుటచేత మైసూరువారి సాహసము ఫలించెను. ఎంత శక్తి పుట్టినను కొనువాడు లేనియెడల ఖర్చు తిరిగి రాదు గదా.

హైదరాబాదునకు నీటి మార్గము దగ్గరలో లేకపోయెను. మూసీ వానకాలమున నూళ్లను ముంచును. ఎండకాలమున మోకాలు తడుపదు. నగరము చెంత జలపాతము లేదు. కృష్ణా గోదావరులు దూరమందున్నవి. క్రొత్త జలాశయములు వరద నాపుటకును దాహము తీర్చుటకును కట్టబడినవే కాని యంత్రములు త్రిప్పుటకు కావు. బొగ్గుసంగతి వేరు. సింగరేణి ప్రాంతమున 1889 నాటికే గనులు త్రవ్వుట మొదలైనది. దాదాపు సుమారు 150 మైళ్ల దూరమునుండి సికింద్రాబాదు వరకు ఇనుపదారి యుండనే యుండెను. ఆవిరియంత్రమునకు బొగ్గుతోబాటు నీరును విశేషముగా కావలెను. కొలిమిపై కాగిన నీరు ఆవిరియై చక్రమును త్రిప్పిన పిదప దానిని మరల చల్లార్చి నీరు చేయవలెను. అందులకు చల్లని నీరు ఎడతెగక ప్రవహింపవలెను. ఇబ్రహీం కులీకుతుబ్‌షా కాలమున త్రవ్వబడిన హుస్సేనుసాగరము నగరమధ్యముననే యుండెను. బొగ్గు రైలుమీదను, నీరు చెరువునుండియు దొరకుచుండగా వేరుమాట యెందులకు? 1920 లో హుస్సేనుసాగరపు దక్షిణపు టొడ్డున ఆవిరి విద్యుత్కేంద్రము నెలకొల్పబడెను. క్రమముగా పెరిగి దాని శక్తి 22.5 మెగావాట్ల వరకు వచ్చెను.

ఈ నిర్ణయము నాటి పరిస్థితులలో తప్పని మేమనజాలము. చేతికందిన బొగ్గును, చెరువును విడిచి దూరపునదుల వెంట పరుగిడుట వివేకము కాకపోయియుండును. అయినను ఒకటి గమనింపదగియున్నది: ఈ నిర్ణయమును చేసినది నగరము కాదు. హైదరాబాదునకు 1869 నుండియే మునిసిపాలిటీ గలదు. మూసీకుత్తరమున చాదర్‌ఘాటునకు వేరొక మునిసిపాలిటీ యుండి 1933 లో రెండును కలిసెను. కాని విద్యుచ్ఛక్తి వాని చేతులలో లేదు. అది సంస్థాన ప్రభుత్వశాఖ. కొంతకాలము టంకశాలయు విద్యుచ్ఛాఖయు నొకే యధికారి చేతిక్రింద నుండెననుటయే దాని స్థానమును తెలుపును. నాణెములు పోయుట యెట్లో వెలుగు పుట్టించుటయు నట్లే ప్రభువుల పని. పురపాలకసంఘమో, వీధిదీపములకు సొమ్ము చెల్లించు కొనుగోలుదారు మాత్రమే.

కనుక వెలుగు ప్రభుత్వదృష్టి యెటు తిరిగిన నటు నడచెను. అడిక్‌మెట్టు చరిత్రయే యిందులకు సాక్ష్యము. 1918 లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు స్థిరమగు స్థలము వెదకుటలో నగరనిర్మాణ శాస్త్రజ్ఞుడైన పాట్రిక్ గెడ్డిస్ గారి సలహా కోరబడెను. నాడు ఊరి వెలుపల రాళ్లును పొదలునుగా నున్న అడిక్‌మెట్టు భూములు, సుమారు 1,400 ఎకరములు, ఎన్నిక చేయబడెను. ఆర్ట్సు కళాశాలభవనమునకు 1934 లో శంకుస్థాపన జరిగెను. 1939 లో ప్రారంభోత్సవము జరిగెను. ఆ ప్రక్కనే ఆజమాబాదు పారిశ్రామికవాడ వెలసెను. విద్యాలయమునకును యంత్రశాలలకును తీగలు వచ్చినవి. సంతోషమే. కాని నడుమనున్న బీదల వాడలలో కిరసనాయిలు బుడ్డియే చాలకాలము రాజ్యమేలెను. అక్కడివారు “మా వీధికి దీపమేల రాదు?” అని యెవరి నడుగవలెను? తామెన్నుకొన్న సభ్యుడు లేడు. ఉన్న సంఘమునకు అధికారము లేదు.

ఇతర నగరములు మరియొక దారి త్రొక్కినవి. ఇంగ్లండులో బర్మింగుహాం నగరము 1875 లో జోసెఫ్ చేంబర్లేను నాయకత్వమున దీపవాయువు కంపెనీలను కొనివేసి, వచ్చిన లాభమును పట్టణపు మేలునకు వినియోగించెను. మన దేశమున బొంబాయి నగరపాలకసంఘము 1947 ఆగస్టులో విద్యుత్తును ట్రాములను నడుపు కంపెనీని తన వశము చేసికొనెను. విద్యుత్తుమీద వచ్చిన మిగులు బస్సుల నష్టమును చాలకాలము పూడ్చెను. కేరళమున త్రిశ్శూరు నగరపాలకసంఘము తానే నగరమున విద్యుత్తును పంచుచున్నది. ఇట్టి సంఘములు తప్పులు చేయవని కాదు. తప్పు చేసినయెడల అడుగుటకు ఊరిలోనే ఒక గుమ్మము గలదు. అదియే వాని విశేషము.

హైదరాబాదులో ఆ గుమ్మము రాను రాను మరింత దూరమయ్యెను. 1956 లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను. 1959 లో రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు వచ్చెను. శక్తి కేంద్రములును నగరమును విడిచి పోయినవి. బొగ్గును రైలుపై మోసికొని వచ్చుటకంటె గనియొద్దనే కాల్చి విద్యుత్తును తీగపై పంపుట చౌకయని అనుభవము నేర్పెను. 1966 నుండి కొత్తగూడెమున ఆవిరికేంద్రము పనిచేయసాగెను. రామగుండమున జాతీయ సంస్థవారి కేంద్రమునందు 1983 లో మొదటి యంత్రము తిరిగెను. తరువాత నది 2,600 మెగావాట్లకు పెరిగెను. హుస్సేనుసాగరపు టొడ్డున నున్న ముసలికేంద్రము క్రమక్రమముగా పని మాని, 1990 ల నడిమి నాటికి కూల్చివేయబడెను. ఆ చోట నేడు ఉద్యానమును వినోదశాలయు నున్నవి. పొగగొట్ట మచట నుండెనన్న మాట పిల్లలకు చెప్పినను నమ్మరు.

నగరమునకు పొగ తగ్గెను, మంచిదే. కాని పొగ పోలేదు, స్థలము మారినది. లెక్క వేసి చూతము. మన దేశపు కేంద్రములలో ఒక యూనిట్టు విద్యుత్తునకు సుమారు 700 గ్రాముల బొగ్గు పట్టును. ఆ బొగ్గులో మూడవవంతు వరకు బూడిదయే. నెలకు 200 యూనిట్లు వాడు కుటుంబము, ఆ విద్యుత్తంతయు బొగ్గుదే యైనచో, ఇంచుమించు 140 కిలోల బొగ్గును కాల్చి 45 కిలోల బూడిదను పోయుచున్నదన్నమాట. ఆ బూడిద మన పెరటిలో ప్రతినెలయు కుప్పగా పడియుండినచో ఏ గృహిణి యూరకుండును? గోదావరి తీరపు పల్లెలయొద్ద బూడిదచెరువులలో పడుచున్నది గనుక మనకు లెక్కలేదు. దీపము క్రిందనే చీకటి యను సామెత గలదు. పెద్దనగరముల దీపముల క్రింది చీకటి మాత్రము నూరుమైళ్ల యవతల పడుచున్నది.

దూరమైనది పొగ యొక్కటియే కాదు, మాట కూడ. 1999 లో విద్యుచ్ఛక్తి బోర్డు విడదీయబడెను. ధరలు నిర్ణయించుటకు నియంత్రణ సంఘమేర్పడెను. 2000 లో పంపిణీ కంపెనీలు వచ్చెను. ఆ యేడు పెరిగిన విద్యుత్తు ధరలకు విరుద్ధముగా రాష్ట్రమంతట అలజడి చెలరేగెను. ఆగస్టు 28 వ తేదీన శాసనసభవైపు సాగిన ఊరేగింపుపై బషీర్‌బాగువద్ద పోలీసులు కాల్పులు జరిపిరి. ముగ్గురు ప్రాణములు కోల్పోయిరి. నారాయణగూడకు కూతవేటు దూరమున జరిగిన సంగతి యిది. ధర హెచ్చుట న్యాయమా కాదా యని వాదించుట మా యుద్దేశము కాదు. ఏ శక్తిని ఎక్కడ కొనవలెను, ఎంతకు కొనవలెను అను నిర్ణయములు ప్రజల కంటికందని చోట జరిగి, బిల్లు మాత్రము గుమ్మమునకు వచ్చినప్పుడు, ప్రజలకు వీధి తప్ప వేరు సభ యుండదు. ఈ సంగతిని పాలకులును పౌరులును మరువరాదు.

ఇక ప్రస్తుతకాలపు మార్గములను చూతము. దాదాపు నూరేండ్ల తరువాత నగరమునకు మరల తన పొలిమేరలోనే శక్తిని పుట్టించుకొను నవకాశములు రెండు కలిగినవి: చెత్త యొకటి, సూర్యుడు రెండవది. ఈ రెంటియందును నగరపాలకసంఘమునకు ఇదివరకులేని పాత్ర గలదు. చెత్త దాని యధీనములోనిదే, మిద్దెలు కట్టుటకు అనుమతి దానిదే.

చెత్తనుండి విద్యుత్తను మాట వినుట కింపుగా నుండును. రోతయు తొలగును, వెలుగును వచ్చునన్న నెవనికి చేదు? కాని దాని పూర్వచరిత్ర జాగ్రత్త నేర్పుచున్నది. 1987 లో ఢిల్లీనగరమున తిమార్‌పూరులో డెన్మార్కువారి యంత్రములతో నిర్మించిన కేంద్రము కొలదిదినములు మాత్రమే నడిచి నిలిచిపోయెను. కారణము చిన్నది: మన చెత్తలో తడి యెక్కువ, మట్టి యెక్కువ, మండుగుణము తక్కువ. 2003 లో హైదరాబాదు చెత్త నాధారము చేసికొని షాద్‌నగరు సమీపమున 6.6 మెగావాట్ల కేంద్రము వెలసెను, అదియు నిలద్రొక్కుకొనలేదు. 2020 లో జవహర్‌నగరమున 19.8 మెగావాట్ల కేంద్రము నడకకు వచ్చి, తరువాత 24 మెగావాట్లకు పెరిగెను.

ఈ సంఖ్యను పాతసంఖ్యతో పోల్చి చూడుడు. నిజాముకాలపు కేంద్రము ఎంత పెరిగినను 22.5 మెగావాట్లే, ఒకనా డది నగరమున కంతకును దీపము. దానికంటె పెద్దదైన చెత్తకేంద్రము నేడు నగరపు టక్కరలో నూటికొక పాలైనను తీర్పలేదు. ఏలయన 2024 వేసవిలో హైదరాబాదు ఒక్కసారిగా కోరిన శక్తి 4,000 మెగావాట్లు దాటెను. కాబట్టి చెత్తకేంద్రమును విద్యుత్తుకొర కని సమర్థించుట పొరబాటు. అది చెత్త తీర్చు ఉపాయముగానే తూచబడవలెను. అట్లు తూచునప్పుడు జవహర్‌నగరవాసుల మాట మొదట వినవలెను. వారి భూగర్భజలము చెడినదనియు, దుర్గంధమున బ్రతుకలేకున్నామనియు చేసిన ఫిర్యాదులు హరిత ట్రిబ్యునలు వరకు వెళ్లినవి. చిక్కడపల్లి, అశోక్‌నగరముల చెత్తబుట్టలు ఖాళీ యగుటయన్న ఎక్కడనో యొకచోట నిండుట యనియే యర్థము.

చెత్తను కాల్చక పులియబెట్టి వాయువు తీయు మార్గమును గలదు. బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో దినమునకు సుమారు 10 టన్నుల వ్యర్థమునుండి 500 యూనిట్ల వరకు విద్యుత్తును తీయుచున్నట్లు 2021 లో దేశమంతట చెప్పుకొనిరి. చిన్నపనియే, కాని చెత్త పుట్టినచోటనే తీరుచున్నది, మరియొకరి గుమ్మమునకు పోవుట లేదు. ఈ విధానము సాగవలెనన్న తడిచెత్త పొడిచెత్తతో కలియరాదు. అనగా నగరపు విద్యుత్తుప్రశ్నలో కొంతభాగము వంటయింటి తొట్టియొద్దనే తేలవలసియున్నది.

రెండవది సూర్యకాంతి. ఒక కిలోవాట్టు సౌరఫలకములకు సుమారు 100 చదరపు టడుగుల నీడలేని మిద్దె చాలును. దినమునకు సగటున నాలుగు యూనిట్లు రాగలవు. 2024 లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన పథకమున ఒక కిలోవాట్టునకు 30,000 రూపాయలు, మూడు కిలోవాట్లకును అంతకు మించినదానికిని 78,000 రూపాయలు సహాయముగా నిర్ణయించిరి. పొగ లేదు, బూడిద లేదు, తీగల ఖర్చు తక్కువ. ఇంతకంటె మేలైన మార్గమేది యని తోచును.

అయినను దీనికిని చిక్కులు గలవు. పట్టపగలు దండిగా వచ్చు శక్తి దీపము పెట్టు వేళకు రాదు. రాత్రికి దూరపుశక్తియే శరణ్యము. అంతకంటె లోతైన చిక్కు న్యాయమునకు సంబంధించినది. మిద్దె గలవానికే సూర్యుడు బిల్లు తగ్గించును. అశోక్‌నగరు, చిక్కడపల్లి వీధులలో ఉద్యోగపరీక్షలకు చదువుకొనుటకై జిల్లాలనుండి వచ్చిన యువకులు వేలకొలది ఇరుకుగదులలో అద్దెకున్నారు. బిల్లు వారిది, మిద్దె వారిది కాదు. అడిక్‌మెట్టు సందులలో నొకరి నాలుగంతస్తుల మేడనీడ ప్రక్కింటి పెంకుటింటిపై దినమంతయు పడును. గృహస్థునకు మాత్రమే సహాయము చేసి యూరకున్న ప్రభుత్వము ఉన్నవానికే మరల నిచ్చినదగును. అద్దెకుండువారికిని భాగముండునట్లు బడులపైనను, గ్రంథాలయములపైనను, కార్యాలయములపైనను, ఉమ్మడిమిద్దెలపైనను ఫలకములు పెట్టి, యా ఫలము పంచు నుపాయమును నగరపాలకులు వెదకవలెను. ఇది యంత్రజ్ఞులు తేల్చు ప్రశ్న కాదు, ధర్మము తేల్చవలసినది.

ఇంతవరకు చెప్పినదానినుండి తేలునదేమి? నిర్దోషమగు మార్గమొక్కటియు లేదు. నీటికి పల్లెలు మునుగును, బొగ్గునకు ఊపిరి చెడును, చెత్తకు పొలిమేరవాడు నలుగును, సూర్యునకు రాత్రి యడ్డువచ్చును. మన ఊరిదే కదా యని దేనిని గాని కన్నుమూసికొని కౌగిలించుకొనరాదు. ఇంటిదీపమని ముద్దుపెట్టుకొన్న మీసములు కాలక మానవు. అట్లని దూరమునుండి వచ్చినదెల్ల శుభ్రమని భ్రమపడుటయు తగదు. ఏ మార్గము ముందుకు వచ్చినను నాలుగు ప్రశ్నలు వేయవలెను. దీని వెల ఎంత, దానిలో దాచిన వెల ఎంత? దీని పొగయు బూడిదయు ఎవరిపై పడును? దీని వెలుగు ఎవరి యింటికి ముందు చేరును, ఎవరికి చేరదు? తప్పు జరిగినయెడల ఎవరు సమాధానము చెప్పుదురు? 1920 లో ఈ ప్రశ్నలలో మొదటిదాని సగము మాత్రమే వేయబడెను. మిగిలిన మూడున్నర ప్రశ్నలను నగరము నేటికిని పూర్తిగా వేయలేదు.

వేయవలసినవారు ఎవరో కారు. విద్యుత్తు ధరలు నిర్ణయించుటకు ముందు నియంత్రణ సంఘము బహిరంగవిచారణ జరుపును. ఎవరైనను పోయి మాటలాడవచ్చును. అచటికి పోవువారు పరిశ్రమల ప్రతినిధులును, కొందరు పట్టుదలగల కార్యకర్తలును మాత్రమే. గృహస్థులు తక్కువ, గృహిణులు మరియు తక్కువ. వేసవిరాత్రి విద్యుత్తు పోయిన పిల్లలకు విసనకఱ్ఱ విసరువారు వారే, బిల్లు చూచి ఖర్చు సరిదిద్దువారు వారే. వారికంటె ఈ విషయమున మాటాడదగినవారెవరు? వీధిలో నలుగురు కూడి తమ వార్డు సభ్యుని “మన చెత్త ఎక్కడికి పోవుచున్నది? మన బడి మిద్దె ఏల ఖాళీగా నున్నది?” అని యడిగిన చాలును. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలు చెప్పిరి. ఆ దీపమునకు నూనె యెక్కడిదని తెలిసికొనుటయు ఇల్లు చక్కబెట్టుకొనుటలో చేరినదే.